యిన్ యోగాలో బౌద్ధ స్మృతి ధ్యానం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. యిన్ యోగాలో ఒక్కో ఆసనంలో నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వస్తుంది గనుక, ఆ సమయాన్ని బౌద్ధ స్మృతి ధ్యానానికి (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించే సాధనకు) వినియోగించుకోవచ్చా, వినియోగించుకుంటే ఎలా అన్నదే ఆ విషయం. అందువల్ల ఈ సంచిక మొత్తాన్ని దానికే కేటాయించాము.

ప్రశ్న: నేను కొంతకాలంగా యిన్ యోగా తరగతులకు వెళుతున్నాను. ఆసనంలో ఉన్నంతసేపూ మా శిక్షకురాలు బుద్ధుని ధ్యాన సూచనలు చెబుతూ ఉంటారు. ఇవి రెండూ ఒకే సంప్రదాయానికి చెందినవా, లేక ఎవరైనా ఈ మధ్య కలిపినవా?

జవాబు: ఒకే సంప్రదాయానికి చెందినవి కావు, వాటి కలయిక కూడా ఇటీవలిదే. 1970ల చివర్లో అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధకళల నిపుణుడు చైనా తావో సంప్రదాయానికి చెందిన సాధనలను హఠయోగంతో కలిపి బోధించడం మొదలుపెట్టారు. ఆయన వద్ద నేర్చుకున్న పాల్ గ్రిల్లీ, అందులో నేల మీద కూర్చుని గానీ పడుకుని గానీ చాలాసేపు నిలిచి ఉండే ఆసనాలకు ప్రాధాన్యమిచ్చి, శరీరనిర్మాణ శాస్త్రాన్నీ, జపాన్‌కు చెందిన హిరోషి మొతొయామా శక్తిమార్గాల (శరీరంలో ప్రాణశక్తి ప్రవహిస్తుందని చెప్పే దారుల) సిద్ధాంతాన్నీ వాటికి జోడించారు. గ్రిల్లీ దగ్గర నేర్చుకున్న సారా పవర్స్ ఈ పద్ధతి యిన్ యోగా అన్న పేరుతో వ్యాప్తిలోకి రావడానికి ముఖ్య కారకురాలు కావడమే కాక, తాను సాధన చేస్తూ వచ్చిన బౌద్ధ ధ్యానాన్ని ఆసనంలోని ఆ దీర్ఘమైన నిశ్చలతలోకి తీసుకువచ్చారు. మీ శిక్షకురాలు చెబుతున్నది చాలావరకు ఆ శాఖకు చెందినదే అయి ఉండాలి. ఆసనాలను స్మృతి ధ్యానంతో జతచేయడం అంతకుముందే మరో చోట జరిగింది. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పి, ఒత్తిడి ఉన్న రోగుల కోసం ప్రారంభించిన శిక్షణలో, కూర్చుని చేసే ధ్యానంతోపాటు శరీరాన్ని భాగం భాగంగా గమనించడమూ, తేలికపాటి హఠయోగమూ ఉన్నాయి.

ఇటీవలిది గనుక ఈ కలయికకు ఆధారం లేదనుకోనక్కర లేదు. బుద్ధుని ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో పదవదైన సతిపట్ఠాన సుత్తంలో (సుత్తం అంటే ఉపదేశం), శరీరాన్ని గమనించే భాగంలో, నడవడం, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం అనే నాలుగు స్థితులనూ ఎరుకతో గమనించమని చెప్పిన తరువాత, అవయవాలను ముడిచేటప్పుడూ చాచేటప్పుడూ సంపూర్ణమైన తెలివిడితో ఉండమని స్పష్టంగా ఉంది. ఒక్క పద్మాసనంలో కూర్చుంటేనే ధ్యానం అవుతుందని ఆ సుత్తం ఎక్కడా అనదు. అయితే అవయవాలను చాచమన్నది శరీరం మెత్తబడటం కోసం కాదు, శరీరం అంటే ఏమిటో ఉన్నదున్నట్టు చూడటం కోసం. నా దృష్టిలో, రెండింటినీ కలిపి చేసేవారు మరచిపోకూడని తేడా ఇదే. తరగతి చివర ఒక గంట మోగించి, బుద్ధుని పేరు మీద చలామణి అయ్యే రెండు వాక్యాలు చదివినంత మాత్రాన కలయిక జరిగినట్టు కాదు.

ప్రశ్న: ఆసనంలోకి వెళ్లాక మనసును ఎక్కడ నిలపాలో తెలియడం లేదు. శ్వాస మీద నిలపమని ఒకరు, సాగుతున్న చోట నిలపమని మరొకరు, వచ్చే ఆలోచనలన్నిటినీ సాక్షిగా చూడమని ఇంకొకరు చెబుతున్నారు. అన్నీ ప్రయత్నించి, చివరికి నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోతున్నాను.

జవాబు: ఆ మూడు సలహాల్లోనూ తప్పు లేదు. నాలుగు నిమిషాల ఆసనంలో మూడింటినీ పాటించబోవడమే చిక్కు. సుత్తం స్మృతికి నాలుగు క్షేత్రాలను చెబుతుంది. అవి శరీరం, అనుభూతి, చిత్తం, ధర్మాలు (అంటే మనసుకు తోచే విషయాలు). మీకు అందిన సలహాలు ఈ నాలుగింటిలో వేరువేరు చోట్ల నుంచి వచ్చినవి. ఒక రోజు సాధనకు ఒకే సూచన పెట్టుకోండి. మరునాడు మార్చుకోవాలనిపిస్తే మార్చుకోవచ్చు గానీ, ఆసనం మధ్యలో మాత్రం మార్చకండి.

ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను రెండవదాన్ని, అంటే అనుభూతులను గమనించడాన్ని ఎంచుకుంటాను. యిన్ యోగాకు అంతగా నప్పేది మరొకటి లేదు. మామూలుగా కూర్చుని ధ్యానం చేసేటప్పుడు బలమైన శారీరక అనుభూతి ఎప్పుడు వస్తుందో, ఎక్కడ వస్తుందో, ఎంత తీవ్రంగా వస్తుందో మన చేతిలో ఉండదు. యిన్ ఆసనంలో అది మొదటి నిమిషంలోనే, మనం ఎంచుకున్న చోట, మనం ఎంచుకున్న మోతాదులో వస్తుంది, గంట మోగగానే ముగుస్తుందని కూడా ముందే తెలుసు. అసౌకర్యం పట్ల మనసు ఎలా ప్రవర్తిస్తుందో చూడటానికి ఇంత అనువైన ఏర్పాటు అరుదుగా దొరుకుతుంది.

సీతాకోకచిలుక ఆసనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అరికాళ్లు రెండూ కలిపి, మడమలను శరీరానికి కాస్త దూరంగా ఉంచి, వెన్నును గుండ్రంగా వదిలి ముందుకు వంగుతాము. మొదటి నిమిషం నేలకూ శరీరానికీ ఉన్న సంబంధాన్ని మాత్రమే గమనించండి. ఎక్కడ బరువు ఆనుతోంది, ఎక్కడ వెచ్చగా ఉంది, ఎక్కడ గట్టిగా ఉంది అని చూడండి. శరీరాన్ని మట్టి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు ధాతువులుగా చూడమన్న సుత్తంలోని సూచన ఇలాంటి సూటి అనుభవానికి సంబంధించినదే. ఆ తరువాత తొడ లోపలివైపుకో నడుముకో దృష్టిని తీసుకువెళ్లి, అక్కడ ఉన్నదాన్ని ‘నొప్పి’ అన్న ఒక్క మాటతో మూసివేయకుండా, అది లాగుతోందా, పీకుతోందా, సలుపుతోందా, మండుతోందా, నాడిలా కొట్టుకుంటోందా అని చూడండి. ఒకే చోట నిలిచి ఉన్నదనుకున్నది కొద్ది క్షణాలకొకసారి మారుతూ ఉండటం కనిపిస్తుంది. ఇంతవరకూ శరీరాన్ని గమనించడమే. ఆ అనుభూతి మనసుకు నచ్చుతోందా, నచ్చడం లేదా, రెండూ కాకుండా ఉందా అని చూడటంతో రెండవ క్షేత్రం మొదలవుతుంది. నచ్చకపోవడం తెలిసిన మరుక్షణంలోనే దవడ బిగుసుకోవడం, కాలివేళ్లు ముడుచుకోవడం, ఊపిరి ఆగడం కూడా తెలుస్తాయి.

సంయుత్త నికాయంలో సల్లత్థ సుత్తమని ఒకటి ఉంది. శరీరానికి కలిగే బాధ మొదటి బాణమనీ, దాన్ని తలచుకుని మనసు పడే దుఃఖం రెండవ బాణమనీ, సాధన చేసినవారికి మొదటిది తగులుతుంది గానీ రెండవది తగలదనీ బుద్ధుడు అందులో చెప్పాడు. మీరు నిమిషాలు లెక్కపెట్టుకోవడం ఆ రెండవ బాణమే. కాబట్టి దాన్ని సాధనలో వైఫల్యంగా తీసుకోకండి, ఆ సమయంలో గమనించవలసిన విషయంగా తీసుకోండి. ‘ఇంకా ఎంతసేపు’ అన్న ఆలోచన వచ్చినప్పుడు శరీరంలో ఏమి మారిందో చూసి, మళ్లీ తొడ దగ్గరకు రండి. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. సుత్తంలోని మొదటి బాణం మన ప్రమేయం లేకుండా తగిలేది, యిన్ ఆసనంలో దాన్ని మనమే వేసుకుంటున్నాము. అందువల్ల అది ఎంత లోతుకు దిగాలో నిర్ణయించే బాధ్యత కూడా మనదే.

చాలామంది ఆసనం నుంచి బయటకు రాగానే గమనించడం ఆపేస్తారు. అసలైన ఆసక్తికరమైన భాగం అప్పుడే మొదలవుతుందని నా అభిప్రాయం. కాళ్లు చాచి వెల్లకిలా పడుకున్న ఆ నిమిషంలో హాయి పుడుతుంది, మనసు దాన్ని పట్టుకుంటుంది, కాసేపటికి అది పల్చబడి ఏదీ కానట్టుగా మిగులుతుంది. సుఖమూ దుఃఖమూ కాని ఆ మూడవ రకం అనుభూతిని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అక్కడ మనసుకు ఆసక్తి పోయి వెంటనే ఊహల్లోకి జారుతుంది. అనుభూతులు మూడు రకాలని చదవడం వేరు, మూడింటినీ ఒక్క పావుగంటలో వరుసగా చూడటం వేరు.

శ్వాస సలహాను కూడా పక్కన పెట్టనక్కర లేదు. మనసు మరీ చెదిరి ఉన్న రోజున మొదటి రెండు ఆసనాల్లో శ్వాసనే ఆధారంగా చేసుకోండి. మయన్మార్‌కు చెందిన మహాసి సయాదా బోధించినట్టు పొట్ట పైకి లేవడం, కిందికి దిగడం గమనించడం వెల్లకిలా పడుకునే ఆసనాల్లో సులభం. ముందుకు వంగే ఆసనాల్లో పొట్ట నొక్కుకుపోతుంది గనుక శ్వాస వీపు వైపు పక్కటెముకల్లో తెలుస్తుంది, అక్కడే గమనించండి. శ్వాసను దీర్ఘం చేయడం, గొంతులో ధ్వని చేయడం వంటివి ఈ సాధనలో వద్దు.

ప్రశ్న: స్లీపింగ్ స్వాన్ ఆసనంలో (ఒక కాలు ముందు ముడిచి, మరొకటి వెనక్కు చాచి ముందుకు వంగే ఆసనం) మోకాలి లోపలివైపు పొడిచినట్టు నొప్పి వస్తుంది. నొప్పిని సమభావంతో చూడాలని ధ్యానంలో నేర్చుకున్నాను గనుక కదలకుండా అలాగే ఉండిపోయాను. కొంతసేపటికి నొప్పి మొద్దుబారి తగ్గింది కూడా. ఇది పురోగతి అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. దయచేసి ఆ ఆసనాన్ని ప్రస్తుతానికి మానేయండి. రెండు సాధనలను కలపడంలో నిజమైన ప్రమాదం ఏదైనా ఉంటే అది మీరు వర్ణించినదే. ఒక సాధన శరీరాన్ని దాని హద్దు దగ్గరకు తీసుకువెళుతుంది, మరొకటి ఆ హద్దు దగ్గర చలించకుండా ఉండటం నేర్పుతుంది. రెండూ కలిసినప్పుడు శరీరం పంపే హెచ్చరికను కూడా సమభావంతో చూస్తూ కూర్చునే నేర్పు వచ్చేస్తుంది.

మీ మోకాలి విషయానికి వస్తే, ఆ ఆసనంలో ముందున్న కాలు తుంటి దగ్గర బయటివైపుకు తిరగాలి. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ తిరిగి ఉన్న కోణం మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి. కొందరిలో ఆ తిరుగుడు ఎముక దగ్గరే ఆగిపోతుంది, ఎంతకాలం సాధన చేసినా ఎముక ఆకారం మారదు. పాల్ గ్రిల్లీ తన బోధనలో అన్నిటికన్నా నొక్కి చెప్పేది ఈ విషయాన్నే. తుంటి తిరగలేని మేరకు మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా ముడిచి చాచడానికి ఏర్పడిన కీలు గనుక ఆ మెలికను భరించలేదు. వెల్లకిలా పడుకుని ఒక చీలమండను రెండవ మోకాలి పైన ఆనించి తొడలను దగ్గరకు తెచ్చుకునే ఆసనంలో తుంటికి అదే సాగుదల దొరుకుతుంది, మోకాలి మీద శరీరం బరువు పడదు. మోకాలి నొప్పి మామూలు సమయాల్లో కూడా ఉంటే, వైద్యుని చేత గానీ ఫిజియోథెరపిస్టు చేత గానీ పరీక్ష చేయించుకోండి.

నొప్పి మొద్దుబారడం గురించి కూడా చెప్పాలి. సాగదీసే వ్యాయామాల వల్ల కీలు కదిలే పరిధి పెరగడానికి, కనీసం మొదటి కొన్ని వారాల్లో, కణజాలం పొడవు పెరగడం కన్నా ఆ సాగుదలను నాడీవ్యవస్థ సహించే స్థాయి పెరగడమే ప్రధాన కారణమని పరిశోధనలు చాలావరకు సూచిస్తున్నాయి. అంటే ‘ఇప్పుడు నొప్పి లేదు’ అన్న అనుభవం, కణజాలం క్షేమంగా ఉందని చెప్పే సాక్ష్యం కాదు. కాబట్టి లోపల ఏమి అనిపిస్తోందన్నదాన్ని ముందుగా రెండుగా విడదీసుకోండి. కండరం మధ్యభాగంలో వెడల్పుగా, మందంగా, లాగుతున్నట్టుగా ఉండేదాన్ని గమనించవచ్చు. కీలు లోపల పొడిచినట్టున్నా, కరెంటు షాక్ కొట్టినట్టు కాలి వెంట పాకినా, తిమ్మిరి ఎక్కినా, మంట ఒక్క బిందువులో నిలిచినా, గమనించవలసింది ఏమీ లేదు, నెమ్మదిగా బయటకు రావలసిందే. బయటకు రావడాన్ని కూడా స్మృతితోనే చేయవచ్చు: కదలాలన్న ఉద్దేశం పుట్టడం, చేయి నేలను నొక్కడం, బరువు మారడం, ఊరట కలగడం అన్నీ గమనించదగ్గవే.

కదలకుండా భరించడం గొప్ప తపస్సు అన్న భావన మనసులో ఎక్కడైనా ఉంటే, బుద్ధుని జీవితంలోనే దానికి జవాబు ఉంది. శరీరాన్ని తీవ్రంగా బాధించే కఠోర తపస్సును ఆయన స్వయంగా చివరిదాకా చేసి, దానివల్ల జ్ఞానం కలగలేదని తేల్చుకుని విడిచిపెట్టిన వృత్తాంతం మహాసచ్చక సుత్తంలో ఉంది. అతిగా ప్రయత్నించి కుంగిపోయిన సోణుడు అనే భిక్షువుకు ఆయన చెప్పిన మాట కూడా ఇక్కడ వర్తిస్తుంది. వీణ తీగ మరీ బిగించినా మరీ వదులు చేసినా స్వరం పలకదన్నాడు. యిన్ ఆసనంలో మీరు వెళ్లగలిగిన చివరి మేర వరకు వెళ్లకుండా, ఊపిరి సాఫీగా ఆడే మేర దగ్గర ఆగడమే ఆ శ్రుతి.

కీళ్లు మామూలు కన్నా ఎక్కువగా వంగే స్వభావం ఉన్నవారు, ఎముకలు పెళుసుబారినవారు, తుంటి మార్పిడి శస్త్రచికిత్స జరిగినవారు, వెన్ను డిస్కు సమస్య ఉన్నవారు, గర్భిణులు వైద్యుల సలహా లేకుండా ఈ సాధనను మొదలుపెట్టకూడదు. కీళ్లు ఎక్కువగా వంగేవారి విషయంలో నాకు మరీ జాగ్రత్త అనిపిస్తుంది, ఎందుకంటే వారు ఆసనంలో ఎంతో అందంగా కనిపిస్తారు, శిక్షకులు మెచ్చుకుంటారు, లిగమెంట్ల మీద పడుతున్న భారం మాత్రం ఎవరికీ కనిపించదు.

ప్రశ్న: యిన్ ఆసనాలు మూత్రపిండాల, కాలేయపు శక్తిమార్గాలను ఉత్తేజపరుస్తాయని చెబుతారు. బౌద్ధ ధ్యానం చేసేవారు దీన్ని నమ్మాలా?

జవాబు: నమ్మవలసిన అవసరం లేదు. శక్తిమార్గాలు చైనా సంప్రదాయ వైద్యానికి చెందిన భావన. ఆధునిక శరీరనిర్మాణ శాస్త్రం వాటిని ప్రత్యేకమైన అవయవాలుగా గుర్తించలేదు, సతిపట్ఠాన సుత్తంలోనూ వాటి ప్రస్తావన లేదు. ఆ చిత్రం కొందరికి దృష్టిని కాలి వెంట గానీ వెన్ను వెంట గానీ నడిపించుకోవడానికి పనికివస్తుంది, అంతవరకు వాడుకోవచ్చు. ‘ఇప్పుడు నా కాలేయం శుద్ధి అవుతోంది’ అని ఊహించుకోవడం మొదలుపెడితే మాత్రం ఉన్న అనుభూతిని వదిలి లేనిదాన్ని గమనిస్తున్నట్టే. జబ్బు నయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే మందులు మానకండి.

ప్రశ్న: మూడవ ఆసనానికే నిద్ర వచ్చేస్తుంది. శవాసనంలో గురక కూడా పెడతానని పక్కవారు చెప్పారు. ఇలాంటి నేను ధ్యానానికి పనికివస్తానా?

జవాబు: తప్పకుండా పనికివస్తారు. బుద్ధుని ముఖ్య శిష్యుల్లో ఒకడైన మొగ్గల్లానుడు కూడా ధ్యానంలో కునుకుపాట్లు పడ్డాడు, ఆ సందర్భంలో ఆయనకు బుద్ధుడు ఇచ్చిన సలహాలు అంగుత్తర నికాయంలో ఉన్నాయి. ఏ విషయం మీద దృష్టి ఉన్నప్పుడు మగత వచ్చిందో దాన్ని వదలమని, నేర్చుకున్న ధర్మాన్ని నెమరు వేసుకోమని, వల్లె వేయమని, చెవులు లాగి ఒళ్లు రుద్దుకోమని, లేచి కళ్లు కడుక్కుని నాలుగు దిక్కులూ నక్షత్రాలూ చూడమని, వెలుగును మనసులో నిలుపుకోమని, అటూ ఇటూ నడవమని ఒకదాని తరువాత ఒకటి చెప్పి, వీటిలో ఏదీ పనిచేయకపోతే కుడివైపుకు తిరిగి, మేల్కొనే సమయాన్ని మనసులో పెట్టుకుని పడుకోమన్నాడు. ఆ చివరి సలహాలోని ఉదారత నాకు ఎప్పుడూ నచ్చుతుంది.

యిన్ తరగతిలో చెవులు లాగుకోవడం బాగుండకపోవచ్చు గానీ కళ్లు తెరిచి ఉంచవచ్చు, పడుకునే ఆసనాల బదులు స్ఫింక్స్ వంటి తల పైకెత్తే ఆసనాలు ఎక్కువ చేయవచ్చు, రెండు ఆసనాల మధ్య నిలబడి నాలుగడుగులు వేయవచ్చు. అసలు రాత్రి సరిపడా నిద్రపోతున్నారా అన్నది ముందుగా చూసుకోండి. నిద్ర కరువైన శరీరం నేల మీద, మసక వెలుతురులో, దిండు ఆసరాతో పడుకున్నప్పుడు నిద్రపోకపోతేనే ఆశ్చర్యపడాలి.

ప్రశ్న: కూర్చుని చేసే ధ్యానం ముందు చేయాలా, యిన్ ఆసనాలు ముందు చేయాలా? ఇంట్లో ఒక గంట సాధనను ఎలా అమర్చుకోవాలో చెప్పండి.

జవాబు: సాధారణంగా ఆసనాలు ముందు, కూర్చోవడం తరువాత. తుంటి, నడుము సడలిన తరువాత వెన్ను నిటారుగా నిలపడానికి శ్రమ తగ్గుతుంది, మనసు కూడా అప్పటికి కొంత స్థిరపడి ఉంటుంది. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని చెప్పినది కూడా ధ్యానానికి కూర్చోగలగడం కోసమే. ఆసనాల తరువాత మగత ఎక్కువగా ఉండేవారు మాత్రం ఈ వరుసను తలకిందులు చేసుకోవచ్చు.

మొదట రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చుని ఆ రోజు శరీరం, మనసు ఎలా ఉన్నాయో చూసుకోండి. తరువాత సీతాకోకచిలుక ఆసనంలో నాలుగు నిమిషాలు, స్ఫింక్స్‌లో మూడు నిమిషాలు, బాలాసనంలో రెండు నిమిషాలు, తుంటికి సంబంధించిన ఏదైనా ఒక ఆసనంలో రెండు వైపులా మూడేసి నిమిషాలు, కాళ్లు చాచి వెన్ను గుండ్రంగా వదిలి ముందుకు వంగే గొంగళిపురుగు ఆసనంలో నాలుగు నిమిషాలు, పడుకుని నడుము తిప్పే ఆసనంలో రెండు వైపులా మూడేసి నిమిషాలు ఉండండి. ఒక్కో ఆసనం తరువాత అర నిమిషమో నిమిషమో కదలకుండా పడుకోవడం వదిలిపెట్టకండి. చివర ఐదు నిమిషాల శవాసనం, ఆ పైన ఇరవై నిమిషాలు కూర్చుని ధ్యానం. కొత్తవారు ఆసనాల సమయాన్ని సగానికి తగ్గించుకుని, మిగిలిన సమయంలో నెమ్మదిగా నడుస్తూ ధ్యానం చేయవచ్చు.

గడియారాన్ని చూడనవసరం లేకుండా విరామాలకు గంట మోగే టైమర్ పెట్టుకోండి. దిండ్లు, మడిచిన దుప్పట్లు ధారాళంగా వాడండి, కండరం బిగించి శరీరాన్ని నిలబెట్టవలసి వస్తే అది యిన్ ఆసనం కాదు. చాలాసేపు సాగిన కణజాలం వెంటనే పూర్వస్థితికి రాదు గనుక ఆ తరువాత కూర్చునేటప్పుడు పద్మాసనం కోసం బలవంతం చేయకుండా, ఎత్తైన దిండు మీద మోకాళ్లు తుంటి కన్నా కిందుగా ఉండేలా కూర్చోండి. సంగీతం గురించి చాలామంది అడిగారు. అనుభూతిని గమనించడమే పనిగా పెట్టుకున్నప్పుడు సంగీతం దానికి అడ్డు, ఎందుకంటే నచ్చని అనుభూతి మీద అది నచ్చే పొరను కప్పుతుంది. విశ్రాంతి మాత్రమే కావాలనుకున్న రోజున పెట్టుకోండి.

ప్రశ్న: తుంటికి సంబంధించిన ఆసనాల్లో కారణం లేకుండా కన్నీళ్లు వస్తున్నాయి. పాత దుఃఖం తుంటిలో దాగి ఉంటుందని, అది బయటకు పోతోందని శిక్షకుడు అన్నారు. ఒకసారి మాత్రం చాలా భయం వేసి గుండె దడదడలాడింది.

జవాబు: కన్నీళ్లు రావడం అరుదు కాదు, వాటిని ఆపుకోనవసరం లేదు. నిశ్శబ్దంలో, బయటి పనులేవీ లేకుండా కొన్ని నిమిషాలు ఉంటే, పగలంతా పక్కకు నెట్టిన భావం పైకి రావడం సహజం. అయితే దుఃఖం తుంటి కండరాల్లో నిల్వ ఉంటుందన్న మాటకు గట్టి శాస్త్రాధారం లేదు, పైగా ఆ మాట ఒక అనుభూతికి కథను తగిలిస్తుంది. సుత్తం చూపే దారి దీనికన్నా నిరాడంబరమైనది. చిత్తంలో దుఃఖం ఉంటే ఉందని తెలుసుకోవడం, లేకపోతే లేదని తెలుసుకోవడం, అంతే. గొంతు బిగుసుకోవడం, కళ్లు వేడెక్కడం, ఛాతీ బరువెక్కడం వంటివాటిని గమనించండి, అది ఎప్పటి దుఃఖమో వెతకబోకండి.

మీరు రాసిన భయం సంగతి వేరు. గుండె దడ, ఊపిరి అందకపోవడం, పాత సంఘటన కళ్లముందు జరుగుతున్నట్టే అనిపించడం, శరీరం తనది కానట్టు తోచడం వంటివి వచ్చినప్పుడు ఇంకా లోపలికి చూడమనే సలహాను పాటించకండి. కళ్లు తెరవండి, ఆసనం విడిచి కూర్చోండి, గదిలోని వస్తువులను ఒక్కొక్కటిగా చూడండి, అరికాళ్లు నేలను తాకుతున్న చోట దృష్టి పెట్టండి, అవసరమైతే లేచి నడవండి. గతంలో తీవ్రమైన ఆఘాతానికి గురైనవారు, తీవ్రమైన కుంగుబాటుకు గానీ ఇతర మానసిక వ్యాధికి గానీ చికిత్స పొందుతున్నవారు సుదీర్ఘ మౌన సాధనలకు పూనుకునే ముందు తమ వైద్యునితో మాట్లాడాలి. ఇలాంటి అనుభవం మళ్లీ వస్తే మీరు కూడా మానసిక నిపుణులను కలవండి. కన్నీళ్లన్నిటినీ శుద్ధిగా లెక్కగట్టే శిక్షకుని కన్నా, ‘ఈ రోజుకు ఇంతటితో ఆపుదాం’ అనగలిగే శిక్షకుడు మేలు.

ప్రశ్న: త్వరలో పది రోజుల విపశ్యన (శరీరంలోని అనుభూతులను గమనించే బౌద్ధ ధ్యానం) శిబిరానికి వెళుతున్నాను. అక్కడ గదిలో యిన్ ఆసనాలు చేసుకోవచ్చా?

జవాబు: విపశ్యన బోధకుడు ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయపు శిబిరాల గురించి అడుగుతున్నారని భావిస్తున్నాను. ఆ శిబిరాల నియమావళి యోగాసనాలను విపశ్యనకు విరుద్ధమైనవిగా చూడదు గానీ, వాటికి తగిన ఏకాంత వసతి శిబిరంలో ఉండదు గనుక ఆ పది రోజులు ఆపమని కోరుతుంది. విశ్రాంతి సమయాల్లో నిర్ణీత స్థలంలో నడవడానికి అనుమతి ఉంటుంది. నియమాన్ని గౌరవించండి. ఒక పద్ధతిని పరీక్షించడానికి వెళ్లి దానిలో మరొకదాన్ని కలిపితే, ఏది ఏ ఫలితం ఇచ్చిందో మీకే తెలియకుండా పోతుంది. మీరు ఇంట్లో చేసే సాధన శిబిరానికి ముందు ఉపయోగపడుతుంది. శిబిరంలో నాలుగవ రోజు నుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు చేతులు, కాళ్లు కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవలసి ఉంటుంది. అందుకని వెళ్లే ముందు కొన్ని వారాలపాటు తుంటికి, తొడ వెనుక భాగానికి సంబంధించిన ఆసనాలు తేలిక మోతాదులో చేస్తూ, ఎంత ఎత్తు దిండు మీ వెన్నుకు నప్పుతుందో తేల్చుకోండి. తిరిగి వచ్చిన తరువాత మొదటి కొన్ని రోజులు ఆసనాల్లో ఒకటి రెండు నిమిషాలకు మించి ఉండకండి. పది రోజుల సాధనతో అసౌకర్యాన్ని సహించే శక్తి పెరిగి ఉంటుంది, మోకాళ్లూ నడుమూ మాత్రం ఎప్పటివే.